కంటిగూటిలో ఇరుకు

“ఇది ఎరుపే,” అన్నారు బావగారు మళ్ళీ.

భోజనాల బల్ల మీద పరిచిన అట్టను ఎవరూ తాకలేదు. మందుల పెట్టెగా మడవడానికి అచ్చువేసిన అట్ట అది. దాని అంచు పొడవునా వెడల్పాటి పట్టీ ఒకటి ఉంది. అది నెత్తురంత ఎర్రగా ఉండాలి. తుప్పుపట్టిన మేకు రంగులో ఉంది.

“ఎరుపే అయితే లోడంతా ఎందుకు వెనక్కి తెప్పించారు?” అంది ఆయన భార్య, ఆ ఇంటి పెద్దకోడలు. ఆమె గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచనప్పుడే ఆ ఇంట్లో అందరికీ భయం.

“ఇంకు కల్తీది. డబ్బా మీద ఒకటి, లోపల ఒకటి. పైగా ప్రెస్సులో కొత్త ట్యూబులైట్లు వేశారు, పాడు వెలుగు. నన్నంటే ఏం లాభం?”

“మిమ్మల్ని ఇంటికి పొమ్మన్నారా, లేదా? అది చెప్పండి.”

“రెస్టు తీసుకోమన్నారు.”

“రెస్టు,” అన్నారు అత్తగారు, కూర్చున్నచోటి నుంచే. “మీ నాన్నకీ ఇదే మాట చెప్పారు. ఆయనా తీసుకున్నారు రెస్టు. మళ్ళీ ఎవరూ పిలవలేదు.”

చిన్నకోడలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తోడికోడలు ఆస్పత్రికి ఫోను చేసి, “ఉన్నపళంగా రా” అని మాత్రం చెప్పి పెట్టేయడంతో, తెల్లకోటు సంచిలో కుక్కుకుని మధ్యాహ్నపు ఎండలో పరుగున వచ్చింది. దారిలో ఎన్నో ఊహించింది. ఇది మాత్రం ఊహించలేదు. బల్ల మీది అట్టనూ, దాని ముందు మొండిగా కూర్చున్న బావగారినీ మార్చి మార్చి చూసింది.

ఎరుపు విషయంలో ఆయన పొరబడటం ప్రెస్సులో ఎవరూ ఎరగరు. అక్కడ ఆయన పేరు ఎర్రమాస్టారు. ఏ జెండాతోనూ సంబంధం లేకుండా ఆ బిరుదు సంపాదించిన మనిషి బహుశా ఆయనొక్కరే. యంత్రం సరిపోయిందన్న రంగును చూసి, ఇందులో చుక్క పసుపు ఎక్కువ పడిందని ఆయనంటే మళ్ళీ కలిపి చూసేవారు. ఎక్కువే పడి ఉండేది. అలాంటి మనిషి ఇప్పుడు తుప్పును ఎరుపంటున్నారు. అదీ పందెం కాసేంత నిబ్బరంగా.

కొంతకాలంగా ఆయన కళ్ళు రెండూ ముందుకు పొడుచుకువచ్చి ఉన్నాయి. థైరాయిడ్ జబ్బు తెచ్చిపెట్టే తిప్పల్లో అదొకటి. ఒంటిని కాయవలసిన రక్షణ బలగమే కంటి వెనకాలి కండరాల మీద పడుతుంది. కంచే చేను మేయడమంటారే, అది శరీరం లోపల జరిగితే ఇలా ఉంటుంది. మేసిన చేను తరుగుతుంది గాని ఈ కండరాలు వాచిపోతాయి. కంటిగూడు గరాటులాంటి ఎముకగది. దానికి ముందువైపే వాకిలి. లోపల ఇరుకయ్యేకొద్దీ కన్ను వాకిట్లోకి వస్తుంది.

చిన్నకోడలు పనిచేసే ఆస్పత్రిలో ఈ జబ్బుకు కొత్త మందు మీద పరిశోధన నడుస్తోంది. కొందరికి సీసాలో మందు ఎక్కిస్తారు, కొందరికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది ఎక్కుతోందో రోగికి తెలియదు, వైద్యుడికి తెలియదు. స్కానింగు బొమ్మల మీద కండరాల మందం కొలిచే మనిషికి అసలే తెలియకూడదు. ఆ కొలిచే మనిషి చిన్నకోడలు. బావగారు ఆమెకు పెట్టిన పేరు ఫొటోల డాక్టరు.

ఆ ఫొటోల డాక్టరు చెప్పబట్టే ఆయన పరిశోధనలో చేరారు. చేరాక కళ్ళు కొంత లోపలికి వెళ్ళాయి. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. అద్దంలో చూసుకుని, “మళ్ళీ కుర్రాణ్ణయిపోతున్నానే, కాస్త కనిపెట్టి ఉండు,” అని భార్యను ఆటపట్టించారు కూడా.

చిన్నకోడలు సంచి కింద పెట్టి, కుర్చీ ఎక్కి, గోడబీరువా పైఅరలోంచి ఒక పుస్తకం తీసింది. రంగుచుక్కల మధ్య అంకెలు దాగి ఉండే పుస్తకం అది. ఎరుపు సరిగ్గా చూడలేని కంటికి అంకె కనబడదు, చుక్కలే కనబడతాయి. ఆస్పత్రికి కొత్తవి వచ్చినప్పుడు అంచులు నలిగిన ఈ పాతదాన్ని ఆమె ఇంటికి తెచ్చింది. కళ్ళు బాగున్న రోజుల్లో బావగారికి అది ఆటవస్తువు. పేజీ తిప్పీ తిప్పకముందే అంకె చెప్పేసి, ఇదీ ఒక పరీక్షేనా అని ఆమెను ఏడిపించేవారు.

ఆమె దుమ్ము దులిపి, ఆయనకు ఎదురుగా కూర్చుంది. చివరి పేజీ తెరిచి ఆయన వైపు పట్టుకుంది.

“చదవండి, బావగారూ.”

“మొన్ననేగా మీ ఆస్పత్రిలో చదివాను. ఒక్కటీ తప్పలేదు.”

“నాకోసం ఇంకోసారి చదవండి.”

“ఇరవై తొమ్మిది,” అన్నారు ఆయన, విసుగ్గా.

ఇరవై తొమ్మిది మొదటి పేజీలోని అంకె.

ఆమె వెనకనుంచి ముందుకు ఒక పేజీ తిప్పింది. “యాభై ఏడు,” అన్నారు. అది రెండో పేజీది. ఇంకొకటి తిప్పింది. “ఆరు,” అన్నారు. ఆమె పట్టుకున్న పేజీలో అంకే లేదు. కనబడనిది కనబడిందనేవాళ్ళను పట్టుకోవడానికి కూర్చిన ఉత్త చుక్కల పేజీ అది.

ఆయన గొంతులో తడబాటు లేదు. కంఠతా వచ్చిన పద్యాన్ని అప్పజెప్పే పిల్లవాడికుండే ధీమా ఉంది. అదే ఆమెను భయపెట్టింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“ఆపేశావేం?”

“చివరినుంచి తిప్పుతున్నాను, బావగారూ.”

వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు అప్పటిదాకా ఎవరికీ వినబడలేదు. ఇప్పుడు వినబడింది. పెద్దకోడలు వచ్చి పుస్తకం అందుకుని వెనకనుంచి తెరిచింది. ఆ పేజీనీ భర్త ముఖాన్నీ చూసింది. వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చింది. అలా కట్టేయడానికి అంతసేపు పట్టదు.

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా బల్లను చూస్తూనే చెప్పారు. మొదట ఎరుపు వెలిసినట్టనిపించిందట, కళ్ళజోడు తుడుచుకున్నారు. తరువాత ట్యూబులైటు అనుకున్నారు. ఆ తరువాత ఏమీ అనుకోవడం మానేశారు. ప్రెస్సులో ఇంకు డబ్బాల మీది నంబర్లు చూసి నెట్టుకొచ్చారు. ఆస్పత్రిలో ప్రతిసారీ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచే తిప్పుతారు కనుక అక్కడ ఇబ్బందే రాలేదు. చుక్కలు బూడిదగా కనబడినా వరస గుర్తుంది.

మొదటి పేజీ నుంచే, అదే వరసలో తిప్పాలన్న నిబంధన పెట్టింది చిన్నకోడలే. వరస మారితే పోలిక చెడుతుందని ఆమె వాదించింది. ఆ వాదన సబబైనదే. సబబైన వాదనకు కూడా ఎలుక దూరేంత కంత ఉంటుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు. మిగిలిన పరీక్షలూ ఆయనకే కలిసొచ్చాయి. దూరపు అక్షరాలు ఇంకా చదవగలుగుతున్నారు. టార్చిలైటు వేసి చూసే పరీక్ష ఒక కంటిని రెండోదానితో పోల్చి తప్పు పడుతుంది. రెండూ సమానంగా చెడితే అది నోరు మెదపదు.

“ఎందుకు దాచారు?” అంది పెద్దకోడలు. “ఉద్యోగం పోతుందనా?”

“పోలేదా ఏం?”

“కోస్తారని భయమా?”

ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చున్న ఎవరో ఆయనకు చెప్పారు, కంటిగూట్లో ఎముక విరగ్గొడతారని. ఆ మాట విన్నాక కొన్ని రోజులు అన్నం సయించలేదు. అది అందరికీ గుర్తుంది. అజీర్తి అనుకున్నారు.

“అదొక్కటే కాదులే,” అన్నారు చివరికి, చిన్నకోడలి వైపు తిరిగి. “నువ్వే అన్నావు కదమ్మా, ఈ బల్ల దగ్గరే. ఇద్దరు మధ్యలో మానేశారు, ఇంకా ఎవరైనా పోతే పరిశోధన నిలబడదని. ఆ రోజు నువ్వు అన్నం కూడా తినలేదు. ఇంట్లోవాణ్ణి నేనే జారుకుంటే ఎలా?”

చిన్నకోడలికి ఆ భోజనం గుర్తుకు రాలేదు. అలాంటి మాట అనే ఉంటుంది. ఇంటికి తెచ్చుకున్న విసుగును బల్ల మీద పెట్టడం ఎవరికైనా ఉన్నదే. అది ఎవరి పళ్ళెంలో పడుతుందో ఎవరు చూస్తారు?

“బొమ్మలు తీశారు కదా ఈయనకి?” అంది పెద్దకోడలు. “నేనే తీసుకెళ్ళాను. ఆ గొట్టంలో పడుకోబెట్టారు. అందులో కనబడదా ఇది?”

“కనబడుతుంది, అక్కయ్యా.”

“నువ్వు చూశావా?”

“చూడలేదు.”

ఎందుకు చూడలేదో చిన్నకోడలు వివరించింది. సొంతమనిషి బొమ్మను కొలవకూడదు. మనసు తనకు కావలసింది చూస్తుంది, కొలబద్ద దానివెంట పోతుంది. అందుకే మొదటిరోజే తాను రాసిచ్చి తప్పుకుంది. ఆయన బొమ్మలు వేరొకరి వంతుకు పోయాయి. వారు అందరివీ కలిపి చివర్లో కొలుస్తారు. తేడా ఏదైనా ఉంటే రంగుల పరీక్షే ముందు పట్టిస్తుందని అందరి ధీమా. చెబుతున్నంతసేపూ ప్రతి వాక్యం నిజమే. వాక్యాలన్నీ కలిపితే మాత్రం ఏదో సిగ్గులేని మాటలాగా వినిపించింది, ఆమెకే.

“ఊరందరి కళ్ళూ చూస్తావు,” అంది పెద్దకోడలు. “మన ఇంట్లో కళ్ళు చూడకపోవడం నీకు నియమం. ఒక్కసారి. ఎవరికీ చెప్పకుండా, ఒక్కసారి తొంగి చూస్తే ఏం పోయేది?”

“దాన్నెందుకు అంటావు?” అన్నారు బావగారు.

“మీరు మాట్లాడకండి. మీరు ఇరవై తొమ్మిది చెప్పుకోండి.”

“పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు,” అన్నారు అత్తగారు నెమ్మదిగా. “చెట్టుదేనా తప్పు? కోసుకోవడం మనకి చేతకాలేదు. ముందు వాణ్ణి తీసుకెళ్ళండి. పోట్లాట ఎక్కడికీ పోదు, వచ్చాక పడొచ్చు.”

సర్జన్‌ను ఆస్పత్రిలో అందరూ వడ్రంగి అంటారు, ఆయన లేనప్పుడు. కంటిగూటి గోడలు తొలగించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఆ సాయంత్రమే తీసుకొచ్చిన బావగారి కళ్ళకు కొన్ని పరీక్షలు తానే చేశాడు. ఎర్రమూత ఉన్న చిన్న సీసా ఒకటి కళ్ళముందు పట్టుకుని రంగేమిటని అడిగాడు. బావగారు చాలాసేపు చూసి, మట్టిరంగు అన్నారు. ఈసారి అబద్ధం చెప్పలేదు. మధ్యాహ్నం అట్ట గురించి కూడా ఆయన అబద్ధం చెప్పలేదని, అది ఎరుపో కాదో ఆయనకు నిజంగానే తెలియలేదని చిన్నకోడలికి అప్పుడు అర్థమయింది.

ఆ తర్వాత సర్జన్ ఆమెను పక్కగదిలోకి పిలిచి కంప్యూటరులో బొమ్మలు తెరిచాడు. ఆమె ఈసారి తల తిప్పుకోలేదు.

కంటిగూడును ముఖానికి అడ్డంగా, రొట్టెను కోసినట్టు, ముక్క వెనక ముక్కగా చూపించే బొమ్మలవి. ముందరి ముక్కల్లో కన్ను, దాని చుట్టూ నల్లగా కొవ్వు. అన్నీ చోటు కుదిరి కనబడ్డాయి. వెనక్కి పోయేకొద్దీ కండరాలు లావెక్కుతూ వచ్చాయి. గరాటు కొసలో, చూపునరం పుర్రెలోకి దూరే చోట, నరం చుట్టూ సన్నటి నల్లటి వలయం ఉండాలి. అక్కడ వలయం లేదు. కండరాలన్నీ ఒకదానికొకటి ఒరుసుకుని బూడిదరంగు ముద్దయిపోయాయి. నరం ఎక్కడుందో వెతకవలసి వచ్చింది.

“కళ్ళు లోపలికి పోయాయని సంతోషించాం కదా,” అన్నాడు సర్జన్. “వాకిలి ఖాళీ అయింది. వెనకగది కాలేదు. ముందుకు పొడుచుకొచ్చి ఉన్నా కొంత నయమయ్యేది, లోపల కాస్త చోటు మిగిలేది.”

కళ్ళు ఎంత లోపలికి వెళ్ళాయన్నదే పరిశోధనలో గెలుపోటములకు ప్రధానమైన కొలత. ఆ లెక్కన బావగారు గెలిచినవారి పక్షాన ఉన్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వార్డు గదిలో స్టెరాయిడ్ డ్రిప్పు మొదలుపెట్టారు. దానివల్ల వాపు కొంత తగ్గవచ్చు. దాన్నే నమ్ముకుని కూర్చునే దశ దాటిపోయిందని సర్జన్ చెప్పాడు. రేపు పొద్దున్నే ముక్కువైపునుంచి వెళ్ళి, కోడిగుడ్డు పెంకంత పల్చగా ఉండే లోపలిగోడను తీసేస్తానన్నాడు. అప్పుడు కండరాలు ఆ ఖాళీలోకి ఒరిగి, నరానికి ఊపిరాడుతుంది. రంగులు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. చెయ్యకపోతే మిగిలిన చూపు కూడా పోతుంది. అలా పోయినది రాదు.

బావగారు అంతా శ్రద్ధగా విన్నారు.

“నాకు ఇన్నాళ్ళూ ఎక్కించిందేమిటి? మందా, నీళ్ళా?”

ఇప్పుడు దానితో పని లేదన్నాడు సర్జన్.

“నాకుంది. నీళ్ళయితే కోయండి, సరే అంటాను. మందయితే ఆగుతాను. కళ్ళు లోపలికి తెచ్చిన మందు, ఇంకొన్నాళ్ళుంటే వెనకది కూడా తగ్గిస్తుందేమో.”

ఏదైనా ఒకటేనని, ఆగేంత సమయం లేదని సర్జన్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఎముక ఎంత పల్చనో, నొప్పి ఎంత తక్కువో చెప్పాడు. బావగారు నవ్వారు. “మీ చేతిలో ఉలి ఉంది డాక్టరుగారూ, మీకు అన్నీ చెక్కలాగే కనబడతాయి.” ఆయన చెయ్యి దుప్పటి అంచును నలుపుతూనే ఉంది. పెద్దకోడలు ఆ చేతిని చూస్తోంది. ఆమె బతిమాలింది, కసిరింది, చివరికి లేచి కిటికీ దగ్గర నిలబడింది. భయపడ్డ మనిషికి తర్కం చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఊదినవాడి బుగ్గలు నొప్పి పుట్టడం తప్ప ఫలితం లేదు.

ప్రాణం మీదికో చూపు మీదికో వచ్చినప్పుడు గుట్టు విప్పమని అడిగే హక్కు సర్జన్‌కు ఉంది. ఎవరికి ఏది ఎక్కిందో రాసిపెట్టి ఉంచే చోటికి ఆయన ఫోను చేశాడు.

చిన్నకోడలు లేచి తలుపు వైపు నడిచింది. తనకు తెలియకూడదు. ఒక్కరి సంగతి తెలిసినా, ఆ తరువాత తాను కొలిచే ప్రతి బొమ్మ మీదా ఆ ఎరుక నీడ పడుతుంది.

“వెళ్తున్నావా?” అంది పెద్దకోడలు కిటికీ దగ్గర్నుంచి.

చిన్నకోడలు తలుపు మూసింది. లోపలే నిలబడి మూసింది.

సర్జన్ ఫోనులో ఏదో విన్నాడు. ముఖం కదలలేదు. కదలకుండా ఉండటానికి ఆయన పడిన శ్రమ మాత్రం కనబడింది. “చూడండి మాస్టారూ,” అని మొదలుపెట్టాడు.

“మీరు కాదు,” అన్నారు బావగారు. “మీకు కోయాలని ఉంది. ఆ ఫోను మా ఫొటోల డాక్టరుకివ్వండి. సొంత బావ బొమ్మ కూడా తొంగిచూడని మనిషి. అది చెబితే నమ్ముతాను.”

ఫోను చేతులు మారింది. అవతలి గొంతు ఆమె పేరు, హోదా అడిగింది. పరిశోధనలో బావగారి నంబరు మళ్ళీ చదివింది. తర్వాత ఏ భావమూ లేకుండా చెప్పింది: మందు. మొదటి సీసా నుంచీ మందే.

ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది. నాలుగు అడుగుల దూరంలో ఆ కళ్ళు ఆమె వైపే తిరిగి ఉన్నాయి. వాటి ముందుభాగం చక్కగా, నిండుగా, ఎవరు చూసినా బాగుపడ్డాయనేలా ఉంది. ఆమెకు ఇప్పుడు వాటి వెనకాల ఏముందో తెలుసు. నిజం చెబితే ఆయన ఆగుతారు. ఆగితే ఆ బూడిదముద్ద ఆగదు.

“నీళ్ళే, బావగారూ,” అంది.

ఆయన తలగడ మీదికి ఒరిగారు. దుప్పటి అంచును వదిలేశారు.

“నాకు తెలుసు,” అన్నారు. ముఖం తేటపడింది. “నీ మందే అయితే నాకిలా అయ్యేదా? సరే డాక్టరుగారూ. పొద్దున్నే కోయండి.”

సర్జన్ చిన్నకోడలి వైపు ఒక్క క్షణం చూసి, చూడనట్టు, డ్రిప్పు సీసా వైపు తల తిప్పుకున్నాడు.

పెద్దకోడలు కిటికీ దగ్గర్నుంచి కదలలేదు. ఆమె భర్త వైపు చూడటం లేదు. తోడికోడలి వైపూ చూడటం లేదు. ఆమె సర్జన్ ముఖాన్ని చూస్తోంది, ఫోనులో ఆయన విన్నదీ ఇదేనా అన్నట్టు.